అత్తయ్య కడిగిన పెంకులు

మా అత్తగారి నోటికి మరిత్సా నదికి ఇవతలి ఒడ్డున ఎదురు లేదు. కూరలమ్మేవాడు, బస్సు కండక్టరు, చర్చి ఫాదరు, అందరూ స్తోయ్నా పేరు వింటే ఒక అడుగు వెనక్కి వేసేవాళ్లే. నేను ఆ ఇంటికి కోడలినై వచ్చిన నాటి నుంచి ఆ నోరు ఊరుకున్న పూట లేదు. ఆ ఒక్క వసంతంలో మాత్రం ఊరుకుంది.

పెద్ద ఉపవాసాలు మొదలయ్యే ముందు ఆదివారం సాయంత్రం చిన్నవాళ్లు పెద్దవాళ్ల చేయి ముద్దాడి, ఏడాది పొడుగునా చేసిన తప్పులు మన్నించమని అడుగుతారు. ఆ తంతు అయ్యాక దీపం కొక్కేనికి ఎర్ర దారంతో ఉడికించిన గుడ్డు కట్టి ఊపుతారు. చేతులు వెనక్కి కట్టుకుని దాన్ని నోటితో అందుకోవాలి. అందుకున్నవాళ్లదే గుడ్డు. ఆ తరవాత ఈస్టర్ దాకా గుడ్డన్నది ఎవరూ ముట్టరు. ప్రతి ఏడూ అత్తయ్యే గెలిచేది. మా ఆయన కామెన్ ఆరడుగుల మనిషి, సిటీ బస్సు నడుపుతాడు, తల్లి ముందు మాత్రం ఊరికే నోరు తెరిచి మూసి అలిసిపోయేవాడు.

ఆ ఏడు ఆమె కుర్చీలోంచి లేవలేదు. పన్ను సలుపుతోందట, మమ్మల్ని ఆడుకోమంది. గుడ్డు కామెన్‌కి దక్కింది. తను దాన్ని నములుతూ, గెలిచినట్టే లేదన్నాడు.

ఆ మర్నాటి నుంచి నేను గమనిస్తూ వచ్చాను. తలగుడ్డ కొంగు నోటి మీదికి లాక్కుని కూర్చుంటోంది. కాఫీ ఒక పక్క నుంచే తాగుతోంది. పొద్దుతిరుగుడు గింజలు కొరకకుండా కిటికీ దగ్గర కూర్చోని మనిషి, గింజల సంచీ అలమరలో పెట్టేసింది. పళ్ల డాక్టరు దగ్గరికి పోదామంటే, వాడి తాత కోళ్ల దొంగ, వాడి చేతికి నా పళ్లివ్వనంది. మేం పడుకున్నాకే భోజనం చేస్తోందని కూడా తెలిసింది. అడిగితే ఉపవాసం ఆకలి వేరు, నీకేం తెలుసు అని కసిరింది. ఆ కసురులో ఎప్పటి బలం లేదు. నాకు భయం వేసింది.

ఇక నా పని గురించి చెప్పాలి. నేను యూనివర్సిటీ లాబులో రంగులు చేస్తాను. గోడలకు వేసేవి కావు, వెలుగు తగిలితే మేలుకునేవి. అన్నిటికీ మూలం వలయంలా ఉండే అణువు ఒకటే, దాని నడుమ ఇనుము కూర్చోబెడితే నెత్తుటి రంగు, మెగ్నీషియం కూర్చోబెడితే ఆకు రంగుకు మొదటి మెట్టు. మేం చేసిన వాటిలో సగం, ఆకు వెలుతురును ఎలా పోగుచేసుకుంటుందో చూసేవాళ్లు పట్టుకుపోతారు. మిగతా సగం క్యాన్సర్ మీద పరిశోధన చేసేవాళ్లకు. రంగు పుండులో చేరి కూర్చుంటుంది, దాని మీద వెలుగు వేస్తే పుండు కాలుతుంది, పక్కనున్న మంచి కండ మిగులుతుంది. ఇంత గొప్ప పనినీ అత్తయ్య "నీ వంట" అనేది. తప్పు ఆమెది కాదు. మేం వాడే ఆసిడ్ వాసన పులిసిన జున్ను వాసన, జుట్టుకు పట్టిందంటే రెండుసార్లు తలస్నానం చేసినా వదలదు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "జున్ను వచ్చింది, కిటికీలు తెరవండి" అని కేకేసేది.

ఆ వసంతం మాకు కావలసిన వలయపు సరుకు ఎక్కడో సరిహద్దులో ఆగిపోయింది. మా ప్రొఫెసర్ మంచెవ్ ముసలాయన, చేతిలో లేనిదాని కోసం ఏడిచే రకం కాదు. గోధుమ రంగు గుడ్డు పెంకుకు ఆ రంగు వచ్చేదే ఈ వలయం వల్ల, మా కాలంలో పెంకుల్లోంచే తీసేవాళ్లం, పోయి పెంకులు పోగుచెయ్యమన్నాడు. బస్తా పెంకులకు చిటికెడు సరుకు వస్తుంది. అదీ ఊరంతా గుడ్లు మానేసిన ఉపవాసాల్లో.

భోజనాల బల్ల దగ్గర ఈ సంగతి నవ్వులాటగా చెప్పాను. పళ్లెం లేకుండా ఊరికే కూర్చున్న అత్తయ్య తలెత్తింది. మా పెరట్లో ఆమె కోళ్లన్నీ గోధుమ రంగు గుడ్లే పెడతాయి. గుడ్డు తినకూడదని ఉంది గానీ పగలగొట్టకూడదని ఏ పుస్తకంలోనూ లేదంది. మర్నాడే పండగ రొట్టెలు చేసే బేకరీకి వెళ్లి, అక్కడి పెంకులన్నీ తనకే ఉంచాలని చెప్పి వచ్చింది. ఎలా చెప్పిందో ఏమో, బేకరీ ఆవిడ కామెన్ బస్సెక్కి మరీ, మీ అమ్మ చెప్పినట్టే చేస్తున్నామని చెప్పి పోయింది. చాలా రోజుల తరవాత ఆమె ముఖంలో కళ చూశాను, ప్రాణం లేచొచ్చింది.

ఒక శనివారం నన్ను మేడ మీద వసారాలోకి పిలిచింది. ఎండలో దుప్పట్లు పరిచి ఉన్నాయి. వాటి నిండా పెంకులు, మల్లెపూలంత తెల్లగా ఉన్నాయి.

"చూడు. నీ యూనివర్సిటీలో ఇంత శుభ్రమైన సరుకు ఎప్పుడైనా చూశావా?" అంది.

పండగ గుడ్లకు రంగు వేసే ముందు జిడ్డు పోవాలని మా ఆడవాళ్లు వెనిగర్‌తో తుడుస్తారు. అత్తయ్య ఇంకాస్త శ్రద్ధ తీసుకుని పెంకుల్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టి, పీచుతో తోమి, ఎండకు ఆరబెట్టింది. గోధుమ రంగు పెంకు పైపొరలోనే ఉంటుంది. అదంతా వెనిగర్‌తో పాటు తూములోకి పోయింది. అంటుకుని మిగిలిన కాస్తా ఎండ తినేసింది. నేను ఒక పెంకు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాను.

ఎంత మెత్తగా చెబుదామన్నా చివరికి ఆ మాటే చెప్పక తప్పలేదు. "అత్తయ్యా, మీరు కడిగేసిన ఆ మురికే మాకు కావలసింది."

ఎండ తగిలినా ఆ రంగు చచ్చిపోతుందని కూడా చెప్పాను. ఎగతాళి చేస్తున్నాననుకుంది. కడిగితే పోయే రంగు రంగేమిటి, ఎండలో ఉంటే చెడిపోయేది సరుకేమిటి, చదువుకున్నవాళ్లకు చాకిరీ చేయడం తనదే బుద్ధి తక్కువ అని కిందికి దిగిపోయింది. రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు నేనే బతిమాలి, నమ్మకపోతే కళ్లతో చూడమని లాబుకు తీసుకువెళ్లాను. నల్ల కోటు, నల్ల తలగుడ్డ, మంచి బూట్లు వేసుకుంది. మంచెవ్ ఎదురొచ్చి చేయి ముద్దాడితే, ఈయనకైనా మర్యాద తెలుసు అన్నట్టు నా వంక చూసింది.

లాబు చివర కిటికీ లేని చీకటి గది ఉంది. ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, ఆమె కడిగిన పెంకు ఒకటి, ఆ పొద్దున మా పెరటి గూట్లోంచి తెచ్చిన పెంకు ఒకటి పక్కపక్కన పెట్టాను. తలుపు మూసి ఊదా దీపం వేశాను. కడిగిన పెంకు సుద్దముక్కలా ఉండిపోయింది. కడగనిది నిప్పుకణికలా ఎర్రగా వెలిగింది. అత్తయ్య శిలువ గుర్తు వేసుకుంది. కాసేపటికి పెంకును వేలితో తాకి, వేడి లేదే అని గొణిగింది. తన కోళ్లలో ఏది పెట్టిందో గుర్తుపట్టాలని కాబోలు, తిప్పి తిప్పి చూసింది.

"ఎండ తగిలితే చచ్చిపోతుందన్నావే, ఎందుకని?"

"వెలుగును పట్టుకుంటుంది అత్తయ్యా. పట్టుకున్నది కడుపులో దాచుకోలేదు. పక్కనున్నదాన్ని కాలుస్తుంది, చివరికి తానూ కాలిపోతుంది."

"అంటే నాలాంటిదే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. ఆ ఎర్రదనాన్నే చూస్తూ, ఇది మనుషుల ఒంట్లో కూడా ఉంటుందా అని అడిగింది. కొంచెం అందరిలో ఉంటుందని, ఒక రకం లేపనం రాస్తే చెడ్డ కణాలు దీన్ని మరీ ఎక్కువగా పోగుచేసుకుంటాయని, ఇలాంటి దీపం కింద డాక్టర్లకు అవి ఎర్రగా కనిపిస్తాయని చెప్పాను. తరవాత వెలుగు వేసి కాల్చేస్తారని కూడా చెప్పాను.

"కోసెయ్యకుండానా?"

"పైపైన ఉంటే కోయక్కర్లేదు."

తరవాత చీకట్లో తలగుడ్డ ముడి విప్పుతున్న చప్పుడు వినిపించింది. "అయితే ఆ దీపం వెయ్యమ్మా, మామూలుది. నా పెదవి చూద్దువుగాని," అంది.

కింది పెదవి పొడుగునా తెల్లటి పొక్కు, మధ్యమధ్య పగుళ్లు, ఎడమ మూలన శనగగింజంత గట్టి గడ్డ. ఎన్నాళ్లనుంచి అని అడగబోయి మానేశాను. ఆమె మోచేయి పట్టుకున్నాను, విడిపించుకోలేదు. నాకు తెలిసినంతలో ఆమె నన్ను అలా పట్టుకోనివ్వడం అదే మొదలు.

చర్మవ్యాధుల డాక్టరు తోనెవా చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం వచ్చేసరికి చర్చి చుట్టూ బాదం చెట్లు పూసి రాలిపోయాయి. డాక్టరు దాచకుండా చెప్పింది. పెదవి పొడుగునా ఉన్నది పైపొరలోనే ఉంది, దానికి వెలుగు చాలు. ఎడమ మూల మాత్రం క్యాన్సరై లోపలికి దిగింది, అక్కడ చిన్న కోత తప్పదు. ఇప్పుడే అయితే పెదవికి చిన్న నొక్కుతో పోతుంది, ఆలస్యం చేస్తే దవడ దాకా, మెడ దాకా పోవచ్చు. అత్తయ్య అంతా విని, వెలుగైతే సరే అంది. కోత మాట ఎత్తితే మాత్రం ఇప్పుడే ఇంటికి పోతానంది. కామెన్ బతిమాలాడు, కోప్పడ్డాడు, చివరికి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆమె కొడుకు తల నిమిరింది గానీ మాట మార్చలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం పోయాక బుధవారం నాడు వెలుగు వైద్యం జరిగింది. పొద్దున్నే లేపనం రాసి, పైన కట్టు వేసి, మధ్యాహ్నం దాకా నోరు కదపకూడదన్నారు. వైద్యం కన్నా ఆమెకు అదే పెద్ద శిక్ష. కళ్లతోనే వరండాలో ఉన్నవాళ్లందరినీ తిట్టింది. కట్టు తీసి ఊదా దీపం వేసినప్పుడు డాక్టరు చెప్పేలోపే అద్దం అడిగి పెదవి మీది ఎర్రటి వెలుగు చూసుకుంది. తెలిసినవాళ్లను చూసినట్టు తల ఊపింది. తరవాత ఎర్ర దీపం వేశారు. మంట మొదలయ్యాక నా చేయి పట్టుకుని ఎంత గట్టిగా నొక్కిందంటే నా పెళ్లి ఉంగరం వంగింది. దీపం ఆర్పాక మొదట అన్న మాట, "నువ్వు ఇన్నేళ్లూ ఇదేనా వండుతున్నది?"

నేను వండింది కాదు. అది ఎప్పుడో అనుమతి వచ్చిన మందు, నా రంగులు ఇంకా ఎలుకల మీద ప్రయోగం దాకా కూడా పోలేదు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా, కోడలు మా కోడిగుడ్ల నుంచి మందు తీసిందని ఆమె పేటంతా చాటింది. నేను కాదన్న కొద్దీ నా వినయాన్ని అందరూ మెచ్చుకునేవారు. అప్పటికి రెండో విడత పెంకులు, కడగనివి, నల్లగుడ్డ కప్పిన సంచుల్లో లాబుకు చేరాయి. వాటి నుంచి గోరు మీద పట్టేటన్ని ఊదా రంగు పలుకులు వచ్చాయి. కామెన్ చూసి, కొండను తవ్వి ఎలుకను పట్టారన్నాడు. ఆ వలయానికి ఒక పక్క చిన్న అతుకు వేస్తే ఆకుపచ్చ రంగు వస్తుంది, అది ఇంకా లోతుకు పోయే వెలుగును పట్టుకుంటుంది. ఆ అతుకు వేయడమే ఆ ఏడు నా పని. గడ్డ ఎంత లోతున ఉన్నా వెలుగుతోనే కాల్చే రోజు రావాలని ఎవరైనా ఎందుకు కోరుకుంటారో అంతకు ముందు నాకు ఇంత బాగా తెలియదు.

వైద్యమయ్యాక రెండు రోజులు వెలుతురు తగలకూడదన్నారు. అంటే గురువారం కూడా. మా ఇంట్లో గుడ్లకు రంగు వేసేది పెద్ద గురువారం నాడే, వేసేది ఇంటి పెద్ద ఆడమనిషే. రంగులు చేసి జీతం తెచ్చుకునే నన్ను ఆమె ఏ ఏడూ ఆ గిన్నె దరిదాపులకు రానివ్వలేదు. ఆ పొద్దున ఆమె పడకగదిలో మందపాటి తెరలు దించుకుని కూర్చుంటే, నేను తూర్పు కిటికీ కింద పొయ్యి దగ్గర నిలబడ్డాను. ఆజ్ఞలు మూసిన తలుపు వెనక నుంచి వచ్చాయి. పెదవి వాచింది కాబట్టి మాట ముద్దగా ఉంది, దాని పదును మాత్రం తగ్గలేదు.

"వెనిగర్ పోశావా?"

"పోశాను అత్తయ్యా."

"ఎంత?"

"చాలినంత."

"చాలినంత అంటే ఎంత పిల్లా? లాబులో కూడా ఇలాగే పోస్తావా?"

మొదటి ఎర్ర గుడ్డుతో ఇంట్లోవాళ్ల నుదురు, బుగ్గలు రుద్దాలి, ఏడాదంతా ఆరోగ్యంగా ఉండాలని. ఎప్పుడూ ఆమే మాకు రుద్దేది. నేను దాన్ని తడి ఆరకుండానే పట్టుకుని చీకటి గదిలోకి పోయి, తడుముకుంటూ ఆమె నుదుటికి, బుగ్గలకు రుద్దాను. ఆమె చిన్నపిల్లలా ముఖం పైకెత్తి ఉంచింది.

మధ్యాహ్నం చిక్కుడు గింజల సూపు తీసుకెళ్లాను. గిన్నె కుర్చీ మీద పెట్టి పొమ్మంది. నేను పోలేదు. నా గిన్నె కూడా తెచ్చుకున్నాను. మంచం చివర కూర్చుని తినడం మొదలుపెట్టాను. చాలాసేపు నా చెంచా చప్పుడే వినిపించింది.

అప్పుడు చెప్పింది తన అక్క వెలీకా సంగతి. ఇద్దరూ పొగాకు తోటల్లో పెరిగారు, నెత్తిన ఎండ, పెదవుల మీద ఎండ. వెలీకాకూ పెదవి మీదే లేచింది. ఆ రోజుల్లో కింది పెదవి మొత్తం తీసేశారు. బతికింది. కానీ ఏం తిన్నా నోట్లో నిలిచేది కాదు. ఒక పెళ్లిలో నలుగురి ముందు మొగుడు, నీ ముందు కుడితి తొట్టి పెట్టించనా అన్నాడు. ఆ తరవాత వెలీకా మనుషుల ముందు తినలేదు. వంటింటి తలుపు వెనక నిలబడి తినేది. పోయిన రోజున కూడా గిన్నె తలుపు వెనకే ఉంది.

"చావుకు భయపడి కాదు ఇస్క్రా," అంది నా పేరు పెట్టి. "నాకు ఆ తలుపు వెనక నిలబడటం ఇష్టం లేదు."

డాక్టరు చెప్పిన చిన్న నొక్కు గురించి చెప్పొచ్చు, ఆమె విన్నదే కదా. నేను తింటూనే ఉన్నాను. చీకట్లో చెంచా గురి తప్పి సూపు గడ్డం మీంచి గౌను మీద పడింది.

"తుడుచుకో," అంది.

"మీకెలా కనిపించింది?"

"కనిపించడమెందుకు, వినిపిస్తోంది. బురదలో పందిలా తింటున్నావు."

నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. నవ్వితే పెదవి మండి, మండినందుకు నన్ను తిట్టి, మళ్లీ నవ్వింది. కాసేపటికి కుర్చీ మీది గిన్నె కదిలింది. ఆమె చెంచా చప్పుడు కూడా మొదలైంది. ఇద్దరం ఎవరెంత కార్చుకుంటున్నామో తెలియకుండా గిన్నెలు ఖాళీ చేశాం.

శుక్రవారం సాయంత్రం తెరలు తీశాక, బస్సు దిగి వచ్చిన కొడుకుతో, ఆ డాక్టరమ్మకు ఫోన్ చేసి పండగయ్యాక కోతకు రోజు పెట్టమను అంది. కామెన్ నా వంక చూశాడు. నేను పొయ్యి వంక చూశాను.

కోత ఈస్టర్ తరవాత వారంలో అయింది. ఎడమ మూల చిన్న నొక్కు పడింది. అంచుల్లో చెడు కణాలేవీ మిగల్లేదని కాగితం వచ్చింది. కుట్లు విప్పాక, మెత్తటివి మొదలుపెట్టి ఏదైనా తినొచ్చన్నారు. అయినా ఆమె తన గదిలోనే తింటోంది.

సెయింట్ జార్జి పండగ నాడు పెరట్లో గొర్రెపిల్లను కాల్చాం. కామెన్ తోటి డ్రైవర్లు, వాళ్ల ఆడవాళ్లు, ఇరుగుపొరుగు, బేకరీ ఆవిడ, పెరటి నిండా జనం. మంచెవ్ కూడా వచ్చాడు. అందరూ బల్ల చుట్టూ సర్దుకున్నాక అత్తయ్య ఇంట్లోంచి వచ్చింది. తలగుడ్డ ముడి గడ్డం కింద కాక మెడ వెనక కట్టుకుంది. నోరు, నొక్కు అన్నీ కనిపిస్తున్నాయి. బల్ల మొదట, తన చోట కూర్చుని, పక్కటెముక ముక్క చేత్తో తీసుకుని కొరికింది.

కొవ్వు నొక్కులోంచి కారి గడ్డం మీదికి జారింది. ఎవరి పళ్లెంలోకి వాళ్లు చూసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను, తుండు తీసి చేయి చాపాను. ఆమె నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఉండనీవే," అంది, అందరికీ వినపడేట్టు. "తినేవాళ్లకు కారుతుంది. కామెన్, ఇంకో ముక్క వెయ్యి."

కామెన్ వేశాడు. తన ముక్కను రెండు చేతులా పట్టుకుని ముఖమంతా పూసుకునేలా కొరికాడు. తరవాత బేకరీ ఆవిడ, తరవాత మంచెవ్, తరవాత నేను. ఆ మధ్యాహ్నం మా బల్ల దగ్గర ఎవరూ మూతి తుడుచుకోలేదు.